పట్టా లేని ఊరు

కాకినాడ నుంచి యానాం వెళ్లే దారిలో చొల్లంగి దాటాక, కోరంగి మడ అడవి దగ్గర కారు ఆపినప్పుడు మొదలైన వాదన ఇది. మేనకోడలు కౌలాలంపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తోంది. మావయ్యగారు ధవళేశ్వరం హెడ్‌వర్క్స్‌లో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. ఆ మధ్య ఆయన మలేషియా వెళ్తే, ఆమె పెనాంగ్ తీసుకెళ్లి చ్యూ జెట్టీ చూపించింది. జార్జిటౌన్ ఒడ్డు నుంచి సముద్రంలోకి గుంజలు పాతి చైనావాళ్లు కట్టుకున్న ఊరు అది. ఇద్దరూ కలిసే నడిచారు గానీ, చెప్పేటప్పుడు వింటే రెండు వేరు వేరు ఊళ్లకి వెళ్లొచ్చినట్టే ఉంటుంది. ఇద్దరికీ చుట్టాన్ని కాబట్టి మధ్యలో నేను నోరెత్తలేదు. ఎత్తాలనిపించిన చోట కుండలీకరణాల్లో పెట్టాను.

మేనకోడలు: ఈ చెక్క వంతెన మీద నడుస్తుంటే మీకు పెనాంగ్ గుర్తు రావట్లేదా మావయ్యా? అదే బురద, అదే వాసన, పాటుకి బయటపడ్డ వేళ్లు. ఇక్కడ లేనివల్లా ఇళ్లు.

మావయ్య: ఇళ్లు లేవు కాబట్టే ఇక్కడ హాయిగా నడుస్తున్నాను. అక్కడ నడిచినంతసేపూ ఎవరి వాకిట్లోకో పిలవకుండా వెళ్లినట్టే ఉంది నాకు. ఒకావిడ గుమ్మంలో కుర్చీ వేసుక్కూర్చుని చేపలు బాగుచేసుకుంటోంది, గుర్తుందా? ఒకడొచ్చి ఆవిడ తల మీంచి లోపలి పూజ గదికి ఫోన్ పెట్టాడు. ఆవిడ తిట్టలేదు. కనీసం వెనక్కి తిరగలేదు. చేతిలో కత్తి అలాగే ఉంచుకుని మోచేత్తో కర్టెన్ లాగేసింది. ఎన్ని వందలసార్లు లాగితే ఆ మోచేతికి అంత అలవాటవుతుందమ్మా?

మేనకోడలు: అలా చేసినవాడిది తప్పు, కాదనను. అందుకే ఫొటోలు తియ్యొద్దనీ, రాత్రి తొమ్మిది దాటితే రావొద్దనీ బోర్డులు పెట్టుకున్నారు. మీరు కర్టెనే చూశారు. ఆ ఊరు అసలు నిలబడిందెందుకో చూడలేదు. పక్కనే కోయ్ జెట్టీ అని ఒకటుండేది, పెంగ్ ఆన్ జెట్టీ అని ఇంకొకటి. 2006లో రెంటినీ పడగొట్టి ఫ్లాట్లు కట్టారు. 2008లో జార్జిటౌన్‌కి యునెస్కో వారసత్వ హోదా వచ్చింది. రెండేళ్లు ఆలస్యం కాబట్టి అవి పోయాయి. మిగిలినవి దక్కాయంటే మనలాంటి వాళ్లు చూడ్డానికి వస్తారన్న ఆశ కూడా ఒక కారణమే.

మావయ్య: దక్కింది ఇళ్లా, ఊరా? ముందు వరసలో ఉన్నవన్నీ దుకాణాలు. దురియన్ ఐస్‌క్రీము, ఫ్రిజ్‌కి అంటించుకునే బొమ్మలు, టోపీలు. లోపలికి వెళ్లేకొద్దీ తలుపులు మూసుకుని ఉన్నాయి. ముందున్నవాడికి మనం గిరాకీ, వెనకున్నవాడికి మనం పోరు. ఒక్క చెక్కబాట మీదే ఇద్దరూ బతకాలి. ఆ ఊళ్లో వాళ్లలో వాళ్లకే పడకుండా చేసిన పని అది.

మేనకోడలు: పనిలేక ఊరొదిలి పోవడం కంటే ఐస్‌క్రీము అమ్ముకోవడం నయం కదా? అసలు వాళ్ల పని ఎప్పుడు పోయిందో మీకు చెప్పాను. 1880ల్లో అక్కడ వెల్డ్ కీ అని కొత్త గట్టు కట్టారు. ఓడలు దూరంగా లంగరేస్తే, సరుకు చిన్న పడవల్లో ఒడ్డుకి తేవాలి. ఆ మొయ్యడం కోసం వచ్చినవాళ్లే ఈ జెట్టీలవాళ్లు. ఫూజియన్ రాష్ట్రంలో తుంగాన్ అనే తాలూకా నుంచి చ్యూ ఇంటిపేరువాళ్లు వచ్చారు, వాళ్లకో జెట్టీ. లిమ్‌లకొకటి, టాన్‌లకొకటి, లీలకొకటి, యోలకొకటి. ఏ ఇంటిపేరుకీ చెందనివాళ్లందరికీ కలిపి ఇంకొకటి. ముందు రేవు, తరవాత రేవు మీద విశ్రాంతికి ఒక పాక, ఆ తరవాత పెళ్లాం పిల్లలు, ఆపైన గుడి. 1969లో పెనాంగ్‌కి సుంకాల్లేని రేవు హోదా తీసేశారు, తరవాత అవతలి ఒడ్డున బటర్‌వర్త్‌లో కంటెయినర్ల రేవు వచ్చింది. దాంతో మోత పని అయిపోయింది.

మావయ్య: మాకు చెప్పాలా ఆ మోత సంగతి! కాకినాడలో మొన్న మొన్నటిదాకా జరిగిందంతా అదే. ఓడ మైళ్ల దూరాన నిలబడేది, బార్జీలు ఉప్పుటేరులోంచి వెళ్లి సరుకు తెచ్చేవి. లోతు రేవు 1997లో గానీ రాలేదు. బార్జీ మీద కళాసీగా చేసినవాళ్లు మా వీధిలోనే ఉండేవారు. కాకపోతే వాళ్లని చూడ్డానికి ఏ దేశం వాడూ టికెట్టు కొనుక్కుని రాలేదు.

మేనకోడలు: అదే నేననేది. రాలేదు కాబట్టే ఏమీ మిగల్లేదు. ఇప్పుడు మనం నిలబడ్డ కోరంగి సంగతే చూడండి. ఒకప్పుడు ఇంత పేరున్న రేవులు తూర్పు తీరంలో కొద్దిగానే ఉండేవి. ఇక్కడ ఓడలు కట్టేవారు, విరిగినవి బాగుచేసేవారు. పక్కన యానాంలో ఫ్రెంచివాళ్లు, ఇంజరంలో బట్టల కోసం ఇంగ్లీషువాళ్లు. రంగం, అంటే రంగూన్, వెళ్లిన మనవాళ్లని బర్మాలో కోరంగీలు అనే పిలిచేవారు. ఊరి పేరు మొత్తం జనానికి పేరైపోయింది. ఆ ఊళ్లో ఇవాళ చూపించడానికి ఒక్క గోడ లేదు. వచ్చినవాళ్లు మడచెట్లు చూసి, నీటికుక్క కనిపిస్తే ఫొటో తీసుకుని, పునుగులు తిని వెళ్లిపోతున్నారు.

మావయ్య: గోడ ఎలా మిగులుతుందే? 1789 డిసెంబరులో ఒకసారి, 1839 నవంబరులో ఒకసారి ఉప్పెన వచ్చి ఊడ్చేసింది. మొదటిసారి తరవాత లేచి నిలబడ్డారు. రెండోసారి తరవాత పూర్వపు కోరంగి కాలేదు. అది చాలనట్టు గోదారి ఏటేటా ఒండ్రు తెచ్చి పోసి, సముద్రాన్నే ఊరికి దూరంగా నెట్టేసింది. ఎదురుగా ఆ హోప్ ఐలాండు, పొడుగాటి ఇసక తిన్నె అంతా ఆ మన్నే. పెనాంగ్‌లో పని పోయింది గానీ నీళ్లు పోలేదు. కోరంగిలో నీళ్లే లేచి వెళ్లిపోయాయి. నువ్వు ఎవరి మీద కోప్పడతావు?

(ఇక్కడ మావయ్యగారిలో హెడ్‌వర్క్స్ ఉద్యోగి బయటికొచ్చాడు. నది తప్పు నదికి, సర్కారు తప్పు సర్కారుకి వేరు వేరు పద్దుల కింద రాసే మనిషి.)

మేనకోడలు: కోపం కాదు. ఒక ఆలోచన. అడవిలో వద్దు, ఇది 1978 నుంచీ అభయారణ్యం అని నాకూ తెలుసు. తాళ్లరేవు వైపు, కాలవ ఒడ్డున, ఒక పది ఇళ్లు గుంజల మీద కడితే? మత్స్యకార కుటుంబాలకే ఇచ్చి, రెండు గదులు వాళ్లకి, ఒక గది వచ్చేవాళ్లకి. కోరంగి కథ అక్కడే చెబుతారు.

మావయ్య: పది ఇళ్లూ ఎక్కడ కడతావో, మొదటి తుపాను తరవాత ఎక్కడ వెతుకుతావో అది కూడా ప్లానులో వేసుకో. పెనాంగ్ భూమధ్యరేఖకి అయిదు డిగ్రీల దూరం. అంత దగ్గర్లో తుపాను పుట్టి సుడి తిరగడమే అరుదు. పైగా పడమట సుమత్రా అడ్డం. ఊరేమో దీవికీ పెద్ద భూమికీ మధ్య జలసంధిలో, ఒళ్లో కూర్చున్నట్టు ఉంది. 2004 సునామీకి పెనాంగ్‌లో 50 మందికి పైగా పోయారు, అదీ ఎక్కువగా ఆ పక్క తీరంలోనే. అలాంటిచోట సన్నపాటి కాళ్ల మీద ఇల్లు నూరేళ్లు నిలిచిందంటే వింతేం లేదు. మనది పదహారు డిగ్రీల పైన. 1996 నవంబరు 6 రాత్రి నువ్వు పుట్టావో లేదో. భైరవపాలెం, బలుసుతిప్ప ఎలా అయ్యాయో చూసినవాణ్ణి. వేటకెళ్లిన పడవలు తిరిగి రాక, ఇంటికొకరు గట్టు మీద నిలబడ్డారు. అక్కడ గుంజల మీద చెక్క ఇళ్లు కడతానంటావా? తుపాను షెల్టరు కూడా కాళ్ల మీదే ఉంటుంది, అయితే ఆ కాళ్లు ఎంత లావుంటాయో చూశావా?

మేనకోడలు: భైరవపాలెం ఖాళీ చేశారా మరి?

మావయ్య: చెయ్యలేదు.

మేనకోడలు: ఎందుకు?

మావయ్య: వేట అక్కడుంది కాబట్టి.

మేనకోడలు: కదా? మీరు ప్రమాదం లెక్క చెబుతున్నారు, వాళ్లు బతుకు లెక్క చూసుకున్నారు. లంకల్లోనూ అంతే. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక దాటి ఇరవై ఒక్క అడుగుల పైకి వచ్చింది గోదారి. కనకాయలంక కాజ్‌వే ఏటా మునుగుతుంది, పిల్లలు పడవ మీద బడికి వెళ్తారు. అయినా లంక వదల్లేదు. ఎత్తు అరుగు, అటక, గుమ్మంలో కట్టేసిన నావ, ఇదంతా నీళ్లతో కాపురం చేసే విద్యే. చైనావాళ్లు గుంజలు వాడారు, మనవాళ్లు మట్టి మెరక చేశారు. చూపించాల్సింది అదే అయితే మీకేం అభ్యంతరం?

మావయ్య: హెచ్చరికల సంగతి నాకు చెప్పకు. పదకొండు ముప్పావు అడుగులు మొదటిది, పదమూడు ముప్పావు రెండోది, పదిహేడు ముప్పావు మూడోది. 1986 ఆగస్టులో మూడోది దాటి ఎక్కడికి పోయిందో, 35 లక్షల క్యూసెక్కులు వదిలిన రాత్రి గేట్ల మీద ఉన్నవాణ్ణి. నేననేది వేరు. లంకవాడు నీళ్లతో కాపురం చేసేది చెయ్యక తప్పక. దాన్ని నువ్వు విద్య అంటున్నావు, వాడు ఖర్మ అంటాడు. వంతెన వేస్తామంటే మరుసటి రోజే నావ అమ్మేస్తాడు. అప్పుడు నీ టికెట్టు కొన్నవాళ్లకి ఏం చూపిస్తావు? నావ ఉంచమని వంతెన ఆపిస్తావా?

(ఈ ప్రశ్నకి ఆమె కాసేపు మాట్లాడలేదు. నా లెక్కలో ఆ రోజు మొత్తానికి మావయ్యగారు గట్టిగా అడిగిన మాట ఇదే. పెనాంగ్ జెట్టీల్లోనూ ఇదే చిక్కు. వారసత్వమని పేరు పడ్డాక, పాత చెక్క తీసి రేకో సిమెంటో వేసుకోవాలన్నా అడిగేవాళ్లు తయారవుతారు. ఇంటివాడికి కావలసింది కారని కప్పు, చూసేవాడికి కావలసింది పాత కప్పు.)

మేనకోడలు: వంతెన ఆపమని ఎవరంటారు మావయ్యా? చ్యూ జెట్టీకి కరెంటు రాలేదా, కుళాయి రాలేదా? కింద పాత కొయ్య గుంజల పక్కనే ప్లాస్టిక్ గొట్టాల్లో కాంక్రీటు పోసి నిలబెట్టిన కొత్త కాళ్లున్నాయి, మీరే వంగి చూసి మెచ్చుకున్నారు.

మావయ్య: మెచ్చుకున్నాను. పాత గుంజని పీకకుండా, బరువు కొత్తదాని మీదకి మార్చి, పాతదాన్ని తోడుగా వదిలేశారు. ఎవడో మంచి మేస్త్రీ. ఆ పని చూడ్డానికి అయితే మళ్లీ వెళ్తాను. ఇంకోటి కూడా నచ్చింది. నువ్వు చెప్పావు చూడు, ఆ నేల వాళ్లది కాదని.

మేనకోడలు: నేలే లేదుగా, సముద్రం! ఏడాదికోసారి తాత్కాలిక లైసెన్సు ఇస్తారు, అంతే. పట్టా లేదు, వేరేవాళ్లకి అమ్మే హక్కు లేదు.

మావయ్య: అదే కాపాడింది వాళ్లని. అమ్మే హక్కుంటే జార్జిటౌన్ నడిబొడ్డున సముద్రం ముఖాన ఉన్న ఇల్లు ఇన్నాళ్లు ఆ ఇంటిపేరులో ఉండేదా? ఎప్పుడో హోటలువాడు కొనేవాడు. మన లంకల్లో దీనికి సరిగ్గా తిరగేసిన కథ. పట్టా ఉంటుంది, సర్వే నంబరు ఉంటుంది, శిస్తు కట్టిన రశీదు ఉంటుంది. భూమి మాత్రం గోదాట్లో ఉంటుంది. గట్టు కోసేశాక ఆ కాగితం పట్టుకుని ఆఫీసు చుట్టూ తిరిగేవాళ్లని నేను ఎరుగుదును. ఎదర ఇంకో లంక మేట వేస్తుంది, అది సర్కారుది, కౌలుకి అడుక్కోవాలి. పట్టా లేని చైనావాడికి ఇల్లుంది, పట్టా ఉన్న మనవాడికి నీళ్లున్నాయి.

మేనకోడలు: కానీ ఆ లైసెన్సు తీసేస్తే కోయ్ జెట్టీలాగే అయిపోతుంది. మీరు హక్కు లేకపోవడాన్ని పొగుడుతున్నారు. నా భయం దాని గురించే. ప్రభుత్వం పడగొట్టాలనుకున్న రోజున వాళ్ల చేతిలో ఉన్నది వచ్చేపోయే జనం, యునెస్కో పేరు. అవీ లేకపోతే ఏడాది కాగితం ఎంతసేపు?

మావయ్య: అదొక్కటీ ఒప్పుకుంటాను.

మేనకోడలు: ఇంకోటి చెప్పండి. మనవాళ్లూ రేవు కూలీలే కదా, మరి మనకో జెట్టీ ఊరు ఎందుకు లేదు? రంగంలో ఎంతమంది ఉండేవారు!

మావయ్య: మా తాతగారి తమ్ముడే రంగం వెళ్లాడు. రేవులో బియ్యం బస్తాలు మోసేవాడు. ఎక్కడుండేవాడని మా నాన్నగారు అడిగితే, ‘మేస్త్రీ బసలో’ అన్నాడట. ఒక గదిలో పదుల మంది. పగలు మోసినవాళ్లు రాత్రి పడుకుంటే, రాత్రి మోసినవాళ్లకి పగలు అదే చాప. ఓడ టిక్కెట్టు డబ్బు మేస్త్రీది, అప్పు మేస్త్రీది, బస మేస్త్రీది. ఆడవాళ్లు వెళ్లింది బహు తక్కువ. రెండు మూడేళ్లు చేసి ఇంటికొచ్చి, పొలం కాస్త విడిపించుకుని, మళ్లీ ఓడెక్కడమే. 1930 మే నెలలో కూలి పెంచమని రేవులో మనవాళ్లు సమ్మె చేస్తే కంపెనీలవాళ్లు బర్మావాళ్లని పనిలో పెట్టారు. సమ్మె తీరి వీళ్లు తిరిగి వెళ్లాక గొడవ మొదలై రంగం వీధులన్నీ రక్తమయ్యాయి. 1942లో జపాను బాంబులు పడ్డాక నడిచి వచ్చేశారు, వచ్చినంతమంది. ఊరెక్కడ కడతారే? ఇల్లు ఎవరిదో వాడిదే ఊరు.

మేనకోడలు: మలయాలోనూ అంతే. నా ఆఫీసులో నాలుగో తరం తెలుగువాళ్లున్నారు. ముత్తాతలు పేరాక్ దిగువన బగాన్ డాటో వైపు కొబ్బరి తోటల్లో పనిచేశారు. తోట కంపెనీది, కూలీ లైన్లు కంపెనీవి, గుడి ఉన్న చోటు కూడా కంపెనీదే. తోట అమ్మేసిన రోజున లైను ఖాళీ చెయ్యాల్సిందే. 1955లో వాళ్లు మలయా ఆంధ్ర సంఘం పెట్టుకున్నారు, పిల్లలకి తెలుగు చెప్పించుకుంటున్నారు, ఉగాది చేస్తారు. సంఘం మిగిలింది, పాఠం మిగిలింది, ‘ఇదిగో మా వీధి’ అని చూపించడానికి వీధి లేదు. చ్యూ జెట్టీలో ఆ ముసలావిడని చూసి మీకు సిగ్గేసింది. నాకు అసూయ వేసింది.

(ఇదీ ఆమె వాదనకి అసలు వేరు. ఇల్లూ రేవూ రెండూ ఒక్క వంశం చేతిలో ఉన్నాయి గనక చ్యూలకి పని పోయినా చోటు పోలేదు. మనవాళ్లకి చోటు మేస్త్రీతోనో దొరతోనో ముడిపడి ఉంది, పనితోపాటే పోయింది. గుంజలా మట్టిగోడలా అన్నది తరవాతి సంగతి.)

మావయ్య: అసూయ సరే. ఆ ఊళ్లో నిజంగా ఊరనిపించింది నువ్వు చెప్పిన ఆ చెరుకు పండగ. అది నాకు చూపించలేదు నువ్వు.

మేనకోడలు: అది వాళ్ల కొత్త సంవత్సరం వచ్చిన ఎనిమిదో రాత్రి, తొమ్మిదో రోజు మొదలయ్యే వేళకి. స్వర్గాధిపతి పుట్టినరోజు అంటారు. ఒకప్పుడు శత్రువులు తరిమితే ఫూజియన్‌వాళ్లు చెరుకు తోటలో దాక్కుని బతికారట, తొమ్మిదో రోజున బయటికొచ్చారట. అందుకని ప్రతి ఇంటి ముందూ నిలువెత్తు చెరుకు గడలు, ఆకుతో సహా. జెట్టీ మొదట్లో పొడుగాటి బల్లలు వేసి ఎర్ర గుడ్డ పరిచి పళ్లు, పంది మాంసం, మిఠాయిలు. అర్ధరాత్రికి పొగలో కళ్లు కనిపించవు. వేలమంది వస్తారు చూడ్డానికి. కానీ మావయ్యా, ఆ రాత్రి వాళ్లు మనవైపు చూడనే చూడరు. మనం ఉన్నా లేకపోయినా బల్ల వేస్తారు.

మావయ్య: మన చెల్లూరు చెరుకు పంపిస్తే బావుండును. అదిగో, అదీ ఊరంటే. వచ్చినవాడి కోసం చేసేదీ, వాడొచ్చినా రాకపోయినా చేసేదీ, ఈ రెంటికీ తేడా చూడు. గోడ మీద పడవలో పిల్లల బొమ్మ ఒకటి ఉండేదన్నావు కదా?

మేనకోడలు: 2012లో లిథువేనియా నుంచి వచ్చిన జకారెవిచ్ వేశాడు. ఉప్పు గాలికీ ఎండకీ తొందరగా వెలిసిపోయింది. దానికోసం వెతుక్కుంటూ వచ్చే జనం మాత్రం చాలాకాలం ఆగలేదు.

మావయ్య: బొమ్మ వెలిసిపోయింది, జనం మిగిలారు. నీ పది ఇళ్లూ అలాంటి బొమ్మే అవుతుందని నా భయం. కోరంగిలో వచ్చినవాడితో సంబంధం లేకుండా ఇవాళ్టికీ జరిగేది ఒక్కటే ఉంది. తాళ్లరేవులో చెక్క పడవలు కట్టే వడ్రంగులు. నకలు కాగితం ఉండదు, నక్షా ఉండదు. దూలం వేసి కంటితో వంపు చూసుకుని పలక తొడుగుతారు. సందుల్లో నూలు కుక్కుతుంటే ఆ సుత్తి చప్పుడు గట్టుదాకా వినిపిస్తుంది. ఏళ్ల తరబడి కోరంగి చేసిన పని అదేగా? గోడ లేదన్నావు, చెయ్యి ఉంది.

మేనకోడలు: అయితే దాన్నే చూపిద్దాం.

మావయ్య: అదిగో, మళ్లీ చూపిద్దాం అంటావ్!

మేనకోడలు: మీరే చెప్పి మీరే కాదంటే ఎలా? ఆ వడ్రంగుల కొడుకులు ఎంతమంది ఆ పనిలో ఉన్నారు? ఫైబరు పడవలొచ్చాక అడిగేవాళ్లు తగ్గిపోయారని పొద్దున మీరే అన్నారు. ఇంకో పదేళ్లకి ఆ చెయ్యి కూడా ఉండదు. అప్పుడు మీరు నాలాంటిదానికి ‘ఇక్కడ పడవలు కట్టేవారమ్మా’ అని చెబుతారు, నేను మడచెట్లు చూసి పునుగులు తిని వెళ్తాను.

మావయ్య: పనిచేసే చోటు వేరు, పడుకునే చోటు వేరు. పని దగ్గరికి మనిషి వస్తే నాకు అంత బాధ లేదు. అయినా ఒక షరతు. ఎవడుపడితే వాడు లోపలికి రాకూడదు. ఎప్పుడు రావాలో, ఎంతమంది రావాలో, అసలు రావాలో వద్దో ఆ వడ్రంగులే చెప్పాలి. టికెట్టు డబ్బు వాళ్ల చేతికి రావాలి, కాకినాడలో ఆఫీసుకి కాదు. ఇక్కడ మడ అడవిలో టికెట్టు కోసేది, పడవ నడిపేది చుట్టుపక్కల ఊళ్లవాళ్లే కాబట్టి కాస్త నయంగా ఉంది.

మేనకోడలు: సరే. మీకు తెలిసినవాళ్లే కదా, మీరే వెళ్లి అడగండి.

మావయ్య: అడుగుతాను. కాదంటే మళ్లీ నన్ను పంపకూడదు.

మేనకోడలు: ఔనంటే?

మావయ్య: ఔనంటే ఎంత తీసుకోవాలో వాళ్లే చెబుతారు. నువ్వు బేరమాడకు.